బస్సులు వెళ్ళని గోడ

దషెంగ్‌మెన్ బురుజు ఎదుట బస్సులు బయల్దేరే చోట ఒక ఆవిరి బన్నుల దుకాణం ఉండేది. పెద్దగోడ చూడ్డానికి పోయే జనమంతా పొద్దున్నే అక్కడ నాలుగు బన్నులు కట్టించుకుని బస్సెక్కేవాళ్ళు. దుకాణం వెనక బల్ల దగ్గర మోచేతుల దాకా పిండి పూసుకుని ఒకావిడ నిలబడి ఉండేది. ఆవిడని అడిగితే గోడలో ఏ ముక్క ఎవరికి నప్పుతుందో చెప్తుందని డ్రైవర్లే జనాన్ని పంపేవాళ్ళు.

"పిన్నీ, చిన్నపిల్లలున్నారు. ఎటు పొమ్మంటారు?"

"ముతియెన్‌యూ పొండి. ఎక్కేటప్పుడు ఏడ్చినా, దిగేటప్పుడు జారుడుబండి ఉంది. జర్రున కిందికొచ్చి మళ్ళీ ఎక్కుతామంటారు. మీరే ఏడవాలి."

"మా నాన్నకి మోకాళ్ళు పనిచెయ్యవు."

"అయితే బాదాలింగ్. తీగల మీద పోయే డబ్బాల్లో కూర్చోబెట్టి పైకి లాగుతారు. జనం మాత్రం ఇసకేస్తే రాలనంత. నాన్నగారి చెయ్యి వదలకండి. వదిలితే ఇంకెవరి నాన్ననో ఇంటికి తీసుకుపోతారు."

నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది. ఆవిడ పేరు సూఛిన్. సెలవు దొరికిన రోజు తను కూడా ఏదో ఒక బస్సెక్కి గోడ దగ్గరికే పోయేది. ఎప్పుడూ ఒక్కతే. గోడపిచ్చి అన్నారు చుట్టుపక్కల వాళ్ళు. దుకాణం యజమానురాలు షెన్ అక్క అయితే మొహం మీదే అనేది.

"ఏమే, సెలవొస్తే జనం కంటినిండా నిద్రపోతారు. నువ్వేంటి, ఆ గోడ పట్టుకుని వేలాడతావు? ఉన్నది ఒకటే గోడ. ఎక్కడ చూస్తే ఏం? అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా కెలకాలా, ఒక్క మెతుకు చాలదూ?"

"నాకా ఒక్క మెతుకే కావాలక్కా," అంది సూఛిన్.

షెన్ అక్కకి అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

సూఛిన్‌ది దక్షిణాన మైదానంలో గోధుమలు పండే ఊరు. పెళ్ళై గెంగ్ వాళ్ళింటికి వచ్చింది. మొగుడు ఇటుకబట్టీ కూలి మీదపడి పోయేసరికి ఒళ్ళో పిల్ల. పిల్ల పేరు యెన్‌యెన్. అది పుట్టిన మర్నాటి నుంచి ఊళ్ళో ఎవరూ సూఛిన్‌ని సూఛిన్ అనలేదు. 'యెన్‌యెన్ వాళ్ళమ్మా' అంటే పలికేది. మరో పేరు ఉందన్న సంగతి తనే మర్చిపోయింది.

యెన్‌యెన్ పెద్దదై పట్నంలో కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరింది. పెళ్ళి మాటెత్తితే నవ్వేసేది. చూసుకోవడానికి వచ్చిన కుర్రాడిని దుకాణంలోనే కూర్చోబెట్టి, అద్దంలో అక్షరాలు చదివించి, వాడికి కళ్ళజోడు అమ్మి పంపించింది ఒకసారి. "అబ్బాయికి చూపు ఆనదు అమ్మా. నేనంత బాగా కనపడ్డానంటే అందుకే," అంది. సూఛిన్ పొట్ట పట్టుకుని నవ్వింది. చుట్టాలు మాత్రం నవ్వలేదు. ఆడపిల్లని నెత్తికెక్కించుకున్నావని తల్లినే తిట్టారు. "దాని ఇష్టం. చేసుకోనంటే చేసుకోదు. నా పక్కన దానికో గది ఉంది," అని సూఛిన్ అందరితో పోట్లాడింది. ఆ ఒక్క మాట మీద జీవితంలో ఎవరికీ తల వంచలేదు.

తర్వాత రక్తంలో జబ్బు వచ్చింది పిల్లకి. ఆకులు రాలే కాలంలో పడుకుంది, మంచు కురవకముందే పోయింది. ఇరవైయేడేళ్ళు.

తల నెరిసినవాళ్ళు నల్లజుట్టు వాళ్ళని సాగనంపకూడదంటారు అక్కడ. అందుకని దహనం దగ్గరికి సూఛిన్‌ని రానివ్వలేదు. మొగుడి అన్నగారు, ఇంటికి పెద్దదిక్కు ఆయనే, వెళ్ళి బూడిదపెట్టె తెచ్చాడు. ఆయన మాట తక్కువ మనిషి. వడ్రంగం చేసి చేసి వేళ్ళు వంకర్లుపోయాయి. పెట్టె ఆయన చంకలో ఉండగానే వంశపెద్దలు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. పెళ్ళికాని ఆడది పుట్టింటి గోరీల్లోకి రాదు. అత్తింటివాళ్ళున్నారా అంటే లేరు. ఎక్కడో గాలికి వదిలెయ్యండి అన్నారు. సూఛిన్ గోరీల స్థలంలో తన వాటా జాగా ఇస్తానంది, కాళ్ళు పట్టుకుంది. వాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

ఆ రాత్రికి బావగారు పెట్టెతో ఎటో వెళ్ళిపోయాడు. మర్నాడు సాయంత్రం ఉత్తచేతుల్తో వచ్చాడు.

"ఎక్కడ బావగారూ?"

"పెద్దగోడ కింద. పొద్దస్తమానం ఎండ తగిలే చోటు."

"గోడలో ఎక్కడ?"

"తల్లి చోటు తెలుసుకుంటే పిల్ల కదలదు అమ్మాయ్. దాన్ని పోనీ."

అంతకు మించి ఆయన నోట ఒక్క ముక్క రాలేదు.

ఊళ్ళో జనానికి సూఛిన్‌ని ఏమని పిలవాలో తెలియకుండా పోయింది. యెన్‌యెన్ వాళ్ళమ్మా అనబోయి నాలిక కరుచుకునేవాళ్ళు. "ఆఁ... కూరలకేనా?" అని నసిగి పక్కకి తప్పుకునేవాళ్ళు. పిలుపు లేని ఊళ్ళో మనిషి ఎన్నాళ్ళుంటుంది? గోడకి బస్సులు ఎక్కణ్ణుంచి పోతాయో కనుక్కుని, ఆ బస్సులాగే చోటే పని వెతుక్కుంది.

ఏ ముక్కకి పోవాలో ఎంచుకోవడం ఆమెకి దేవుడి దగ్గర చీట్లు తీసినట్టు కాదు. దానికో లెక్క ఉండేది. బావగారికి మోకాలు నొప్పి, కాబట్టి కొండ మీద బురుజుల దాకా ఎక్కి ఉండడు. బండి ఆగిన చోటుకి గోడ దగ్గరగా ఉండాలి. జనమంటే ఆయనకి సరిపడదు, కాబట్టి బాదాలింగ్ కాకపోవచ్చు. అయినా మంచుకాలంలో అక్కడా జనం ఉండరుగా అని అక్కడికీ వెళ్ళింది. హువాంగ్‌హువాచెంగ్ దగ్గర గోడ చెరువులో మునిగి అవతల తేలుతుంది. అది చూసి సూఛిన్ బస్సు దిగకుండానే తిరిగొచ్చింది. యెన్‌యెన్‌కి నీళ్ళంటే భయం, పెదనాన్నకి ఆ సంగతి తెలుసు. జూయోంగ్‌గువాన్ దగ్గర లారీల రొద. అక్కడ పెట్టడు. ఎండ కావాలన్నాడు కనక గోడకి దక్షిణపు మొహానే వెతికేది. పంచదార పాకంలో ముంచి పుల్లకి గుచ్చిన ఎర్రటి పళ్ళంటే పిల్లకి ప్రాణం. ఒక పుల్ల కొని రాళ్ళ సందున గుచ్చి, కాసేపు కూర్చుని వచ్చేది. కొండల్లో అగ్గిపుల్ల గీస్తే కావలివాళ్ళు పరిగెత్తుకొస్తారు గనక పోయినవాళ్ళకి చేరాలని కాల్చే కాగితాలు కాల్చడం కుదిరేది కాదు. ఇక్కడే ఉంటే పళ్ళు తింటుందిలే, లేకపోతే ఉడతలు తింటాయి అనుకునేది.

జిన్‌షాన్‌లింగ్‌లో ఒకసారి ఒక వింత జరిగింది. అక్కడి ఊరి ఆడవాళ్ళు సంచుల్లో టీషర్టులు, మంచినీళ్ళ సీసాలు పెట్టుకుని యాత్రికుల వెంట పడతారు. ఒకావిడ పొద్దుట్నుంచీ సూఛిన్ని విడవకుండా నడిచి నడిచి, ఒగర్చుతూ ఆగింది.

"నీళ్ళు కొనవు, చొక్కా కొనవు, గోడైనా ఎక్కవు. నీ వెనక తిరిగి నా చెప్పులరిగాయి. అసలేం పారేసుకున్నావు తల్లీ?"

అన్నాళ్ళలో ఆ మాట అడిగిన వాళ్ళు లేరు. సూఛిన్ నోరు తనంతట తనే కదిలింది.

"మా అమ్మాయిని."

అంతే. ఆవిడ సంచి కింద పడేసి కేకలు మొదలెట్టింది. "పాప తప్పిపోయిందర్రా! ఓ వాంగ్ వదినా, నువ్వు గేటు దగ్గరికి పరిగెత్తు! మీరు బురుజులో చూడండి!" నలుగురైదుగురు ఆడవాళ్ళు చేతుల్లో సరుకు వదిలేసి పోగయ్యారు. ఒకావిడ సూఛిన్ భుజాలు పట్టుకుంది. "ఏడవకు. ఇక్కడ పిల్లలు తప్పిపోతారు, దొరుకుతారు. చొక్కా ఏం రంగు? జడేసుందా?"

"ఒక్క జడ," అంది సూఛిన్. అలా అడిగితే చెప్పబుద్ధేసింది. "కళ్ళజోడుంటుంది."

"ఎన్నేళ్ళు?"

"ఇరవైయేడు."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కేకలు ఆగిపోయాయి. ఎవరూ విసుక్కోలేదు. భుజాలు పట్టుకున్నావిడ చేతులు తీసెయ్యకుండా అలాగే, సూఛిన్ కోటు మీది దుమ్ము దులిపింది. చాలాసేపు దులిపింది. వెనక తిరిగినావిడ ఒక నీళ్ళసీసా ఇచ్చి డబ్బు వద్దంది.

ఆ రోజు బస్సులో కూర్చున్నాక సూఛిన్‌కి ఒక్క క్షణం సుఖంగా అనిపించింది. తన పిల్లని వెతకడానికి ఇంతమంది పరిగెత్తారు. ఆ తర్వాత మరెప్పుడూ జిన్‌షాన్‌లింగ్ పోలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక శరత్కాలంలో తోడికోడలు ఫోన్ చేసింది. "మీ బావగారికి ఊపిరితిత్తులు అయిపోయాయి. డాక్టర్లు ఇంటికి పంపేశారు. నిన్ను చూడాలంటున్నారు."

సూఛిన్ షెన్ అక్కని సెలవడిగి, బస్సుల దగ్గర పంచే రంగు కాగితాలన్నీ పోగుచేసుకుంది. ఒక్కో కాగితం మీద గోడలో ఒక్కో ముక్క బొమ్మ. ఆయన పోయేలోపు చెప్పించాలి. ఇప్పుడు కాకపోతే ఇక చెప్పేవాడే ఉండడు.

బావగారు కింద నిప్పు రాజేసిన ఇటుకల అరుగు మీద దుప్పట్ల మధ్య కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదట. వడ్రంగి వేళ్ళు ఇంకా వంకరపోయాయి. పలకరింపులు అయ్యాక సూఛిన్ ఆయన ఎదుట బొమ్మలన్నీ పరిచింది.

"నోటితో చెప్పొద్దు బావగారూ. చెప్పకూడదన్నారుగా. వేలు పెట్టి చూపించండి చాలు."

ఆయన ఒక్కో కాగితం కళ్ళకి దగ్గరగా పట్టుకుని చూశాడు. ముతియెన్‌యూ పక్కన పెట్టాడు. జిన్‌షాన్‌లింగ్ పక్కన పెట్టాడు. బాదాలింగ్ చూసి తల అడ్డంగా ఊపాడు. కాగితాలన్నీ అయిపోయాయి.

"ఇవన్నీ తిరిగావా?"

"కొన్ని రెండేసిసార్లు."

ఆయన చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక కూడా తలెత్తలేదు.

"ఇవన్నీ ఇటుకల గోడలు అమ్మాయ్. అది మట్టిది. ఉత్తరాన, జాంగ్‌జియాకౌ దాటాక, బంగాళాదుంప చేల మధ్య ఉంటుంది. చూస్తే గోడ అనుకోవు, చేనుగట్టు అనుకుంటావు. అక్కడికి యాత్రల బస్సులు పోవు."

సూఛిన్‌కి కోపం రాలేదు. ఆయన దగ్గరికి జరిగింది. "ఊరి పేరు?"

"చెప్తాను. అదొక్కటే చెప్తే సరిపోదు." ఆయన దుప్పటి అంచు నలుపుతున్నాడు. "దాన్ని గాలికి వదల్లేకపోయాను. దిక్కులేని ప్రేతమై, ఏడాదికో కాగితం కాల్చేవాళ్ళు లేక, పరాయివాళ్ళ గోరీల దగ్గర అడుక్కుతింటుందని పెద్దవాళ్ళన్న మాట చెవుల్లోంచి పోలేదు. అప్పుడే ఒక మధ్యవర్తి... వాళ్ళకీ ఒక్కడే కొడుకు. పెళ్ళి కాకుండానే పోయాడు. ట్రాక్టరు తిరగబడి. వాడికీ తోడు లేదు. రెండు ఇంటిపేర్లూ ఎర్రకాగితం మీద రాసి, కోడిపుంజు పక్కన పెట్టి..."

"పెళ్ళి చేశారా?"

"చచ్చినవాళ్ళకి చేసే పెళ్ళే. మనూళ్ళో కొత్త కాదుగా. డబ్బు ముట్టలేదు, దాని మీద ఒట్టు. గోరీ ఉంటుంది, ఏటా కాగితాలు కాలుస్తారు, అత్తామామ ఉంటారు. అంతే ఆలోచించాను. నిన్నడిగితే ఒప్పుకోవు."

"ఒప్పుకోను," అంది సూఛిన్. "అది వద్దంది బావగారూ. బతికుండగా వద్దంది. దాని మాట ఒక్కటంటే ఒక్కటి నిలబెట్టాను నేను. దానికి ఊపిరి ఆగిన వారంలో ఎవడికో ఇచ్చేశారు."

అప్పుడు సూఛిన్‌కి గుర్తొచ్చింది. ఆ చలికాలంలో ఒకరోజు బావగారు ఎర్రకాగితం చుట్టిన మిఠాయి ఒకటి తెచ్చి తన చేతిలో పెట్టాడు. ఎవరిదో పెళ్ళి, తినమన్నాడు. ఆమెకి ఏదీ సయించని రోజులవి. ఆయన కదలకుండా ఎదురుగా నిలబడ్డాడు, ఆమె నోట్లో వేసుకునే దాకా. వేరుశనగ మిఠాయి. తీపి తెలిసింది కూడా.

"ఆ మిఠాయి," అంది.

"తల్లి తినకపోతే పెళ్ళి పూర్తవదన్నారు," అన్నాడాయన. అని, వంకర వేళ్ళతో మొహం కప్పుకున్నాడు.

ఆయన్ని తిట్టాలనుకుంది. తిట్టడానికి అక్కడ మనిషంటూ మిగల్లేదు, ఎముకలూ దగ్గూ తప్ప. బొమ్మలన్నీ ఏరి ఒకదాని మీద ఒకటి సర్దింది. ఊరి పేరు మూడుసార్లు చెప్పించుకుంది. గుమ్మం దగ్గర తోడికోడలు చెయ్యి పట్టుకుని, "క్షమించానని ఒక్క మాట అను. ఆయన పోలేకపోతున్నారు," అని బతిమాలింది. "పిల్లని తెచ్చుకున్నాక అంటానక్కా," అని సూఛిన్ బయటికి నడిచింది.

తెచ్చుకోవాలి. రైలెక్కేసరికి ఆమె మనసులో అదొక్కటే స్థిరపడింది. ఏ గోరీల్లోనూ చోటు లేకపోతే పోయె. దుకాణం మీద తన అద్దెగది ఉంది. కిటికీలో పెట్టుకుంటుంది. తన పక్కన దానికో గది అన్నమాటైనా నిలబెట్టుకుంటుంది. సంచిలో తెల్లటి కొత్తగుడ్డ మడిచి పెట్టుకుంది.

రైలు దిగి బస్సు, బస్సు దిగి మూడు చక్రాల బండి. కొండలు వెనకబడ్డాయి. దుంపలు తవ్వేసిన చేలు, నల్లగా ఎండిన తీగలు, మొహాన కొట్టే గాలి. బండివాడు ఒకచోట ఆపి, "అదిగో, మీరడిగిన గోడ," అన్నాడు.

సూఛిన్‌కి కనపడలేదు. బండివాడు చెయ్యి చాపి చూపించాక కనపడింది. ఎండిన గడ్డి మొలిచిన మట్టి దిబ్బ, ముసలి ఎద్దు వెన్నుపూసలా ఎగుడుదిగుడుగా చేల మీదుగా పోతోంది. ఒకచోట ఎవరో దాన్ని తవ్వి దుంపలు దాచే గొయ్యి చేసుకున్నారు. దాని మీద మేకలు. ఇన్నేళ్ళూ ఆమె బురుజుల కోసం, రాళ్ళ కోసం చూసింది. ఈ దారినే పోయి ఉన్నా ఆగేది కాదు.

ఆ ట్రాక్టరు కుర్రాడి ఇల్లు, ఫాన్ వాళ్ళది, ఊరి చివర. తలుపు తీసినావిడ సూఛిన్ ఈడుదే. దుంపల మట్టి చేతులు, తలకి గుడ్డ. సూఛిన్ తన ఊరి పేరూ, గెంగ్ అన్న ఇంటిపేరూ చెప్పగానే ఆవిడ మొహంలో రక్తం పోయింది. చేతులు పైబట్టకి తుడుచుకుంది.

"వచ్చారా వదినగారూ," అంది. "లోపలికి రండి. చలి."

"ఎవరు వదిన?" అంది సూఛిన్ గుమ్మంలోనే. "పెళ్ళెప్పుడు జరిగింది? నేను ఒప్పుకున్నానా? ఎర్రదుప్పటి కుట్టి సారె పంపానా?"

"మీరు కుట్టలేదు. రెండు దుప్పట్లూ నేనే కుట్టాను. ఒకటి మావాడి తరఫున, ఒకటి మీ తరఫున."

"మా తరఫున కుట్టమని మిమ్మల్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు. పిల్ల ఉత్తచేతుల్తో వచ్చిందని మావాడు చిన్నచూపు చూస్తాడేమోనని కుట్టాను."

సూఛిన్‌కి ఇంటి గోడ పక్కన ఒక పాత ట్రాక్టరు చక్రం కనపడింది. చూపు తిప్పుకుంది.

"ఏటా కాగితాలు కాలుస్తారా?"

"వసంతంలో ఒకసారి, చలికాలానికి కాగితపు బట్టలు ఒకసారి. కోడలా, తీసుకో అని పిలుస్తాను."

"దానికి పేరుంది!" అని అరిచింది సూఛిన్. ఇన్నేళ్ళ అరుపూ అప్పుడొచ్చింది. "కోడలంట కోడలు! యెన్‌యెన్ దాని పేరు. కోడలంటే దానికేం తెలుసు, ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఊరుకుంటుంది. ఇన్నేళ్ళూ ఆకలితో ఉంది నా బిడ్డ!"

ఫాన్ ఆవిడ గుమ్మానికి ఆనుకుని కిందికి జారింది. "ఎర్రకాగితం మీద గెంగ్ వారి అమ్మాయి అని మాత్రమే రాసిచ్చారు. ఎవర్నడగను వదినగారూ?"

"నేను దాన్ని తీసుకుపోతాను."

ఆవిడ ఏడుస్తుందనీ, బతిమాలుతుందనీ, ఊరివాళ్ళని పోగేస్తుందనీ సూఛిన్ అనుకుంది. రైలంతా దానికే తయారై వచ్చింది. ఆవిడ లేచి, పెరట్లోకి పోయి పార తెచ్చింది.

"తల్లివి. నీ హక్కు," అంది. "పద."

ఇద్దరూ చేల గట్టున నడిచారు. గోరీ మట్టిగోడ పాదాన ఉంది, దక్షిణానికి మొహం పెట్టి. గాలి గోడకి అవతలే ఆగిపోయింది. ఎండ మట్టి మీద వెచ్చగా పరుచుకుని ఉంది. బావగారు ఆ ఒక్కటి నిజమే చెప్పాడు. దిబ్బ మీద గడ్డి లేదు, ఎవరో ఎప్పటికప్పుడు పీకేస్తున్నారు.

సూఛిన్ తెల్లగుడ్డ తీసి పక్కన పరిచింది. పార అందుకుని దిబ్బ వారన మట్టి తియ్యడం మొదలుపెట్టింది. పిండి పిసికిన చేతులు గనక బలం ఉంది. ఫాన్ ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. నాలుగు పారలు తీశాక, ఐదోసారి పార ఎత్తేసరికి ఆవిడ దాని కర్ర పట్టుకుంది.

"ఒక్క మాట చెప్పకపోతే పాపం తగుల్తుంది. తవ్వొద్దని కాదు. తవ్వు. కానీ..."

"కానీ?"

"రెండు పెట్టెలు లేవు. చలిగా ఉంటుంది, విడివిడిగా ఎందుకని మధ్యవర్తి అన్నాడు. ఒకే పెట్టెలో పోశాం. ఇద్దర్నీ. నా చేత్తోనే కలిపాను."

సూఛిన్ పార కర్ర వదల్లేదు. ఆవిడా వదల్లేదు. దిబ్బ అంచున తీసిన మట్టి పొడిగా జారి మళ్ళీ గుంటలోకి పోతోంది.

"పైన పైన..." అంది సూఛిన్. "పైనున్నది ఎవరిదో తెలియదూ? ముందెవర్ని పోశారు?"

"ముందు వాణ్ణి. తర్వాత పిల్లని. తర్వాత కలిపాను."

"ఎంత కలిపారు?"

ఫాన్ ఆవిడ తన అరిచేతులు చూసుకుంది. గోధుమపిండీ కొర్రపిండీ ఒక గిన్నెలో పోసి చెయ్యి పెట్టి కలిపాక ఏది ఏదో ఎవరు విడదీస్తారు? సూఛిన్‌కి తెలియనిదా. రోజూ చేసే పనే.

పార కింద పడింది. సూఛిన్ కాళ్ళు మడిచి అక్కడే కూర్చుంది. ఏడుపు మొదట చప్పుడు లేకుండా వచ్చింది, తర్వాత మేకలు తలెత్తి చూసేంతగా వచ్చింది. ఫాన్ ఆవిడ ఓదార్చలేదు. తీసిన మట్టిని చేతుల్తో దగ్గరికి లాగి, దిబ్బకి వేసి, అరిచేత్తో మెత్తింది. తర్వాత తనూ కొంచెం ఎడంగా కూర్చుంది. పరిచిన తెల్లగుడ్డ మీద దుమ్ము పడుతుంటే మడిచి సూఛిన్ ఒళ్ళో పెట్టింది.

ఎండ గోడ మీద జరుగుతోంది. ఎంతసేపటికో సూఛిన్ ముక్కు చీదుకుని, దిబ్బ వైపే చూస్తూ అడిగింది.

"మీవాడు తాగేవాడా?"

ఫాన్ ఆవిడ అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మూసింది.

"తాగేవాడు. చలికాలంలో ఎక్కువ."

"చెయ్యి చేసుకుంటాడా?"

"ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఒకసారి నా మీద గిన్నె విసిరాడు. తగల్లేదు. మర్నాడు పొద్దున్నే లేచి నాకంటే ముందు పొయ్యి రాజేశాడు."

సూఛిన్ తలూపింది. ఒళ్ళోని గుడ్డ మడతలు విప్పి మళ్ళీ మడిచింది.

"మాదానికి పొయ్యి రాజెయ్యడం రాదు," అంది. "నేనెప్పుడూ నేర్పలేదు."